పరాన్నజీవి ఈగలు: బతుకు ఒకటే, వంశాలు వేరు

తేనెపట్టులో రాణి వీపును పట్టుకుని అప్పుడప్పుడు ఒక చిన్న జీవి కనిపిస్తుంది. పొడవు ఒకటిన్నర మిల్లీమీటరు ఉంటుంది, రంగు ఎర్రగోధుమ. దానికి రెక్కలు లేవు. కళ్లు ఉన్నాయంటే ఉన్నాయి, అంతే. కాళ్ల చివర దువ్వెన పళ్ల లాంటి గోళ్లు ఉండటంతో తేనెటీగ ఎంత విదిలించుకున్నా అది ఊడిపడదు. వట్టి కంటితో చూసినవారు దాన్ని పేను అనుకోవడంలో ఆశ్చర్యం లేదు; ‘తేనెటీగ పేను’ అన్న వాడుక పేరు కూడా అలాగే నిలిచిపోయింది. తేనెటీగలను పీడించే వర్రోవా అనే నల్లి జాతి జీవితోనూ దాన్ని పొరబడతారు గానీ, వర్రోవాకు ఎనిమిది కాళ్లుంటే దీనికి ఆరే. శాస్త్రనామం బ్రౌలా సీకా. ఇందులో రెండో మాటకు ‘గుడ్డిది’ అని అర్థం. అది పేనూ కాదు, నల్లీ కాదు, అసలుసిసలు ఈగ. దాని డింభకం, అంటే గుడ్డు నుంచి వచ్చే పురుగు, తేనె అరల మూతల మైనంలో సొరంగాలు తొలుచుకుంటూ పెరుగుతుంది. పెరిగి పెద్దదయ్యాక రాణి నోటి దాకా పాకి, కూలి ఈగలు రాణికి అందించే ఆహారంలో వాటా కాజేస్తుంది.

ఈ జీవిని వర్గీకరణలో ఎక్కడ పెట్టాలన్నది చాలాకాలం తేలలేదు. రెక్కల్లేని ఒళ్లు, పట్టుకుని వేలాడే గోళ్లు చూసి, కొందరు దీన్ని గుర్రాల మీద, పక్షుల మీద, గబ్బిలాల మీద నెత్తురు తాగి బతికే పేను ఈగల సరసన చేర్చారు. ఇప్పుడు జన్యు ఆధారాలు దీన్ని పండ్ల చుట్టూ ముసిరే చిన్న ఈగల డ్రోసోఫిలా కుటుంబానికి దగ్గరి చుట్టంగా, పూర్తిగా మరో శాఖలో చూపిస్తున్నాయి. ఈగల వర్గీకరణ చరిత్రలో ఇలాంటి పొరపాటు పదేపదే జరిగింది. పరాన్నజీవిగా బతకడం ఈగల వంశవృక్షంలో ఒక కొమ్మ కాదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఎన్నో కొమ్మలు వేరువేరు కాలాల్లో, వేరువేరు దారుల్లో చేరుకున్న జీవన విధానం. ఆ జీవన విధానమే ఒంటిమీది ఆనవాళ్లను చెరిపేసి, పరాయి వంశాలకు ఒకే పోలిక తెచ్చిపెడుతుంది. పోలికను నమ్మి చుట్టరికం కలిపిన ప్రతిసారీ శాస్త్రవేత్తలు తప్పులో కాలేశారు.

ఇక్కడ తెలుగు మాటతోనే ఒక చిక్కు ఉంది. తేనెటీగ, కందిరీగ, జోరీగ, ఇంటి ఈగ అన్నీ మన భాషలో ఈగలే. శాస్త్రం లెక్కలో మొదటి రెండూ నాలుగు రెక్కల కీటకాలు, చీమలకు చుట్టాలు. ఒకే జత రెక్కలుండి, రెండో జత స్థానంలో గుండుసూది తలల్లాంటి సంతులనాంగాలు మాత్రమే మిగిలినవి అసలైన ఈగలు. ఆ క్రమానికి డిప్టెరా, అంటే ‘రెండు రెక్కలవి’ అని పేరు. ఈ పేరు అరిస్టాటిల్ వాడుకలోనే ఉంది. దోమలూ ఈ క్రమంలోవే. ఇంతవరకు పేరు పెట్టిన డిప్టెరా జాతులు లక్షన్నరకు పైగా ఉన్నాయి.

మరో చిక్కు ‘పరాన్నజీవి’ అన్న మాటలో ఉంది. గొర్రె నెత్తురు తాగి దాన్ని బతకనిచ్చే ఈగను, గొంగళిపురుగు కడుపులో పెరిగి దాన్ని చంపి బయటికొచ్చే ఈగను ఒకే మాటతో పిలవడం సరికాదని గుర్తించి, 1913లో రాయిటర్ అనే కీటక శాస్త్రవేత్త రెండో రకానికి ‘పారాసిటాయిడ్’ అనే మాటను ప్రతిపాదించాడు. వ్యవసాయ తెలుగులో ఈ అర్థానికి ‘బదనిక’ అన్న మాట వాడుకలో ఉంది. చెట్టు మీద పెరిగే బదనిక చెట్టును వెంటనే చంపదు కనుక ఆ పోలిక పూర్తిగా అతకదు. అయినా మాట చిన్నది, తెలిసినది, కాబట్టి ఈ వ్యాసంలో అదే వాడుక. వీటికి తోడు మూడో రకం ఉంది: బతికున్న పశువుల, మనుషుల కండలోనో ముక్కులోనో జీర్ణాశయంలోనో పెరిగే పురుగులు. వాటి వల్ల కలిగే రోగానికి వైద్యంలో మయాసిస్ అని పేరు. దోమ, జోరీగ లాగా వచ్చి కుట్టి, తాగి, ఎగిరిపోయేవి నాలుగో రకం. వాటిని ఇక్కడ పక్కన పెట్టవచ్చు.

బదనిక ఈగలు సుమారు 16,000 జాతులని 1990ల నాటి ఒక అంచనా. మొత్తం బదనిక కీటకాల్లో అది దాదాపు ఐదో వంతు. మిగతావాటిలో అత్యధిక భాగం కందిరీగల బంధువులే, అవి దాదాపుగా ఒకే పూర్వీకుడి సంతతి. ఆ పూర్వీకుడి దగ్గర నుంచి వాటికి వారసత్వంగా వచ్చిన ఆయుధం సూది లాంటి అండనిక్షేపకం. దాంతో ఆతిథ్యజీవి, అంటే తాము ఆశ్రయించే ప్రాణి, చర్మాన్ని గుచ్చి గుడ్డును నేరుగా లోపల పెట్టగలవు. ఈగల్లో చాలావాటికి అటువంటి సూది లేదు. కనుక ఒక్కో వంశం ఒక్కో ఉపాయం వెతుక్కోవలసి వచ్చింది: గుడ్డును చర్మానికి అతికించడం, ఆకు మీద వదిలి ఆతిథ్యజీవి దాన్ని మింగేదాకా ఆగడం, చలాకీ డింభకాన్ని దారిలో వదిలి వేటను దానికే అప్పగించడం, చివరికి దోమ కడుపుకు గుడ్లంటించి ఆ దోమ మనిషి మీద వాలినప్పుడు పిల్ల చర్మంలోకి దిగేలా చేయడం. ఆఖరి ఉపాయం అమెరికా ఖండపు ఉష్ణమండలంలోని డెర్మటోబియా హోమినిస్‌ది.

1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ జీవులను వర్గీకరించిన తన గ్రంథం పదో ముద్రణలో ఈగలన్నింటినీ పది ప్రజాతుల్లో, అంటే దగ్గరి జాతుల గుంపుల్లో, సర్దాడు. అందులో పరాన్నజీవులకు చోటు దొరికిన తీరు గమనించదగ్గది. పశువుల ముక్కుల్లో, చర్మం కింద, గుర్రాల జీర్ణాశయంలో పెరిగే బాట్ ఈగలు ఈస్ట్రస్‌లోకి, పేను ఈగలు హిప్పోబోస్కాలోకి వెళ్లాయి. కళ్లకు కనిపించే ఆకారాన్నే నమ్ముకున్న ఆ రోజుల్లో అంతకన్నా చేయగలిగింది లేదు. లిన్నేయస్ శిష్యుడు ఫాబ్రీషియస్ కీటకాలన్నింటినీ నోటి నిర్మాణం ఆధారంగా విభజించాలని పూనుకుని, 1805లో ఈగలకే ఒక గ్రంథం కేటాయించాడు. పద్ధతి పకడ్బందీగానే ఉంది గానీ, పెరిగిన బాట్ ఈగ ఏమీ తినదు. దాని నోరు దాదాపు లుప్తమైపోయింది. లేని నోటిని బట్టి చుట్టరికం ఎలా తేలుతుంది? దాదాపు అదే కాలంలో జర్మనీ శాస్త్రవేత్త మైగెన్ రెక్కల ఈనెల అల్లికను ప్రధాన ఆధారంగా తీసుకున్నాడు. ఇది చాలా మెరుగైన దారి. ఈగల గుర్తింపులో ఈనెల ప్రాధాన్యం ఈనాటికీ తగ్గలేదు. అయితే గొర్రె ఉన్నిలో బతికే మెలోఫాగస్ ఓవినస్‌కు రెక్కలే లేవు. జింకల మీద వాలే లిపోప్టినా సెర్వీ ఆతిథ్యజీవి దొరకగానే రెక్కలు రాల్చేసుకుంటుంది. నోరు పోయినచోట ఫాబ్రీషియస్, రెక్కలు పోయినచోట మైగెన్ చేతులెత్తేయవలసి వచ్చింది.

ఈ ప్రతిష్టంభనను కదిలించింది పెద్ద ఈగ కాదు, దాని పురుగు. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఆస్ట్రియా శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బ్రౌవర్ ఈగ ప్యూపా (డింభకానికీ ఈగకూ మధ్య దశ) నుంచి బయటికొచ్చే తీరును వర్గీకరణకు పునాదిగా చేశాడు. కొన్నింటిలో ప్యూపా వీపు మీద నిలువుగా చీలుతుంది. ఇంటి ఈగ తరహావాటిలో మాత్రం చివరి డింభక చర్మమే గట్టిపడి పీపాలా మారి, దాని మూత గుండ్రంగా ఊడుతుంది. ఆ మూతను తోయడానికి కొత్త ఈగ నుదుటి నుంచి ఒక సంచిని బుడగలా ఉబ్బించి, పని అయ్యాక లోపలికి ముడుచుకుంటుంది. ఆ ముడత తాలూకు వంపు గీత స్పర్శశృంగాల పైన జీవితాంతం మిగిలిపోతుంది. రెక్కలు, నోరు పోగొట్టుకున్న పరాన్నజీవి కూడా పుట్టుక తాలూకు ఈ ఆనవాలును దాచుకోలేదు. తర్వాతి శతాబ్దంలో జర్మనీకి చెందిన విల్లీ హెన్నిగ్ ఈ ఆలోచనను సిద్ధాంత స్థాయికి తీసుకెళ్లాడు. ఈగల డింభకాల మీద విస్తృతంగా పనిచేసిన హెన్నిగ్ 1950లో ప్రచురించిన గ్రంథంలో, కేవలం పోలిక చాలదనీ, ఉమ్మడి పూర్వీకుడిలో కొత్తగా పుట్టి సంతతి పంచుకున్న లక్షణాలు మాత్రమే చుట్టరికానికి సాక్ష్యమనీ వాదించాడు. జీవశాస్త్రం మొత్తాన్నీ మార్చిన ఈ వాదం ఈగలతో కుస్తీ పట్టిన మనిషి నుంచి రావడం యాదృచ్ఛికం అనిపించదు.

పాత వర్గాల్లో అన్నింటికన్నా ఆసక్తికరమైన గతి ప్యూపిపారాది. ఆ మాటకు ‘ప్యూపాను కనేవి’ అని అర్థం. పేను ఈగలు, గబ్బిలాల ఈగలు గుడ్లు పెట్టవు. ఒక్కొక్క డింభకాన్ని గర్భంలోనే ఉంచుకుని, పాల వంటి స్రావంతో పోషించి, పూర్తిగా ఎదిగాకే కంటాయి. పుట్టిన డింభకం ఏమీ తినకుండానే గట్టిపడి ప్యూపా అవుతుంది. ఇంత అరుదైన లక్షణం పలుమార్లు పుట్టి ఉండదన్న పాతవారి ఊహ చాలావరకు నిజమేనని తేలింది. కాకపోతే వాళ్లు ఆ గుంపులో చేర్చని ఒక ముఖ్య బంధువు ఉంది: ఆఫ్రికాలో నిద్రజబ్బును మోసే ట్సేట్సే ఈగ. దాని పద్ధతీ ఇదే, కానీ అది రెక్కలతో స్వేచ్ఛగా ఎగిరే జీవి కనుక ఎవరూ దాన్ని ఈ పేను ఆకారాల సరసన ఊహించలేదు. మరోపక్క బ్రౌలా లాంటి పరాయిది ఒంటి పోలికతో లోపల చేరింది. ఇప్పుడు ట్సేట్సే, పేను ఈగలు, గబ్బిలాల ఈగలు కలిసి హిప్పోబోస్కాయిడియా అనే కుటుంబాల గుంపు. గబ్బిలాల ఈగల్లో సాలీడు ఆకారపు నిక్టెరిబిడే, ఎక్కువగా రెక్కలుండే స్ట్రెబ్లిడే అని రెండు కుటుంబాలను చాలాకాలంగా గుర్తిస్తున్నారు; వీటిలో రెండోది నిజంగా ఒకే వంశమా అన్న సందేహాన్ని జన్యు అధ్యయనాలు బలపరిచాయి. మొత్తం గబ్బిలాల ఈగలను పేను ఈగల కుటుంబంలోనే ఉపకుటుంబాలుగా చేర్చాలనే వారూ ఉన్నారు.

బాట్ ఈగల కథ దీనికి తలకిందులు. ఒకప్పుడు వీటిని నాలుగు కుటుంబాలుగా విడదీశారు: గొర్రెల ముక్కుల్లో పెరిగేవి, గుర్రాల జీర్ణాశయానికి వేలాడేవి, పశువుల వీపు చర్మం కింద గడ్డలు కట్టేవి, అమెరికా ఖండాల్లో ఎలుకలు మొదలైన వాటి చర్మంలో పెరిగేవి. ఆతిథ్యజీవి వేరు, స్థావరం వేరు, కనుక కుటుంబమూ వేరేనన్నది లెక్క. డింభకాల నిర్మాణాన్ని పోల్చిచూశాక ఆ నాలుగూ ఒకే పూర్వీకుడి సంతతి అని తేలి, ఈస్ట్రిడే అన్న ఒకే కుటుంబంలో నాలుగు ఉపకుటుంబాలుగా స్థిరపడ్డాయి. మొత్తం జాతులు సుమారు 150. అంటే పేను ఈగల విషయంలో జీవనశైలి పరాయివాటిని కలిపితే, బాట్ ఈగల విషయంలో తోబుట్టువులను విడదీసింది.

గుర్రపు బాట్ ఈగలను ఒకదాన్నుంచి ఒకటి గుర్తించే పద్ధతి ఎంత సూక్ష్మమో ఒక్కసారి దగ్గరగా చూడవచ్చు. గుర్రం జీర్ణాశయం గోడకు నోటి కొక్కేలతో వేలాడే పురుగును తీసి కడిగి భూతద్దం కింద పెడితే, ప్రతి ఖండం ముందు అంచున ముళ్ల వరుసలు కనిపిస్తాయి. ఒకే వరుస ఉంటే అది గ్యాస్టెరోఫిలస్ నేసాలిస్. రెండు వరుసలుండి ముళ్ల కొసలు మొద్దుగా ఉంటే గ్యాస్టెరోఫిలస్ ఇంటెస్టైనాలిస్; కొసలు వాడిగా ఉంటే హెమరాయిడాలిస్. ఈ చిన్న తేడా వెనక పెద్ద జీవన భేదాలున్నాయి. ఇంటెస్టైనాలిస్ గుర్రం ముందుకాళ్ల వెంట్రుకలకు గుడ్లు అంటిస్తుంది, గుర్రం నాక్కున్నప్పుడు అవి పగులుతాయి. నేసాలిస్ దవడ కింద పెడుతుంది. హెమరాయిడాలిస్ పెదవుల మీదే పెడుతుంది.

మిగతా పురుగుల విషయంలో చూపు తోకవైపుకు మళ్లుతుంది. ఈగ పురుగు వెనక కొసను అడ్డంగా కోసి, గాజుపలక మీద పరచి సూక్ష్మదర్శినిలో చూస్తే రెండు శ్వాస పలకలు కళ్లజోడులా కనిపిస్తాయి. ఒక్కో పలక మీద చీలికలెన్ని, అవి నిటారా వంకరా, చుట్టూ ఉన్న నల్లని వలయం పూర్తిగా మూసుకుందా, ఒకచోట తెరిచి ఉందా అన్నదాన్ని బట్టి కుటుంబం, చాలాసార్లు ప్రజాతి తేలిపోతుంది. లూసీలియా ప్రజాతి ఈగల్లో వలయం మూసి ఉంటుంది, క్రైసోమ్యా ప్రజాతిలో తెరిచి ఉంటుంది. మాంసపు ఈగల్లో ఆ పలకలు లోతైన గుంటలో దాగి ఉంటాయి. పశువైద్యుడికి చేతికి దొరికేది చాలాసార్లు పురుగే తప్ప ఈగ కాదు కనుక ఈ పలకలే దిక్కు.

జాతుల సంఖ్యలో పరాన్నజీవి ఈగలన్నింటికీ పెద్దదిక్కు టాకినిడే కుటుంబం. పేరు పెట్టినవే 8,500 పైచిలుకు. రెక్కలు పుట్టే ఖండం వెనక, చిన్న డాలు లాంటి పలక కింద మరో ఉబ్బెత్తు దిండు ఉంటే అది టాకినిడ్ అని దాదాపు ధీమాగా చెప్పవచ్చు. నాలుగు ఉపకుటుంబాల్లో ఎక్సోరిస్టినే ఎక్కువగా గొంగళిపురుగుల మీద, డెక్సినే పెంకుపురుగుల డింభకాల మీద, ఫాసినే రసం పీల్చే పురుగుల మీద బతుకుతాయి. టాకినినే అలవాట్లు కలగాపులగం. గొంగళిపురుగు లోపల పెరిగే డింభకానికి గాలి ఎలా? ఆతిథ్యజీవి దేహం శత్రువును చుట్టేసి ఊపిరాడకుండా చేయడానికి కణాలతో గోడ కడుతుంది. ఆ గోడనే డింభకం గరాటుగా మలుచుకుని, దాన్ని చర్మానికో వాయునాళానికో తగిలించి శ్వాసిస్తుంది. తనను చంపడానికి కట్టిన సమాధినే కిటికీగా మార్చుకుంటుందన్న మాట.

పేర్ల విషయంలో మాత్రం ఈ కుటుంబం అంత అయోమయం మరెక్కడా లేదంటే అతిశయోక్తి కాదు. ఫ్రెంచి వైద్యుడు రోబినో దెవ్వాదీ 1830 నుంచి వీటికి ఎడాపెడా పేర్లు పెట్టుకుంటూ పోయాడు. రంగులో, పరిమాణంలో స్వల్పభేదం కనిపిస్తే అది కొత్త జాతే. ఇరవయ్యో శతాబ్దంలో అమెరికా కీటక శాస్త్రవేత్త ఛార్లెస్ టౌన్సెండ్ అదే పనిని ప్రజాతుల స్థాయిలో చేశాడు. ఆయన స్థాపించిన ప్రజాతులు వెయ్యికి పైనే, వాటిలో చాలావాటికి ఒక్కొక్కటే జాతి. తర్వాతివారు వాటిని పర్యాయనామాలుగా మూటగట్టడానికి దశాబ్దాలు పట్టింది. సందర్భం వచ్చింది కనుక చెప్పుకోవాలి: జింకల బాట్ ఈగ గంటకు 1,300 కిలోమీటర్ల దరిదాపు వేగంతో ఎగురుతుందని రాసినదీ ఆయనే. 1938లో నోబెల్ గ్రహీత ఇర్వింగ్ లాంగ్‌మ్యూర్ లెక్కలు వేసి, ఆ వేగంలో గాలి ఒత్తిడికి ఈగ నలిగిపోతుందనీ, అసలు వేగం గంటకు 40 కిలోమీటర్ల చుట్టుపక్కల ఉంటుందనీ తేల్చాడు.

పట్టుపురుగుల పెంపకందారులకు బాగా తెలిసిన ఊజీ ఈగ ఈ అయోమయానికి మంచి ఉదాహరణ. ‘ఉజి’ జపాను భాషలో ఈగ పురుగుకు సాధారణ నామం. జపానులో ఊజీ అన్నది బ్లెఫారిపా ప్రజాతి ఈగ; అది మల్బరీ ఆకుల మీద అతి సన్నని గుడ్లు పెడుతుంది, పట్టుపురుగు ఆకుతో పాటు వాటిని మింగుతుంది. భారతదేశంలో మల్బరీ పట్టుపురుగును పట్టేది ఎక్సోరిస్టా. అది పెద్ద తెల్లని గుడ్లను పురుగు ఒంటికే అతికిస్తుంది. పేరొకటే, ఉపకుటుంబమూ ఒకటే, కానీ రక్షణ మార్గం పూర్తిగా వేరు: ఒకదానికి ఆకుల మీద కాపలా, రెండోదానికి గది కిటికీలకు వల. భారతీయ ఊజీని సైతం ట్రైకోలైగా అనీ, ఎక్సోరిస్టా సార్బిల్లాన్స్ అనీ, ఎక్సోరిస్టా బాంబిసిస్ అనీ పలురకాలుగా రాయడంతో, పాత పరిశోధనలను కొత్తవాటితో జోడించి చదివేవారు ముందు పేర్ల పట్టిక పక్కన పెట్టుకోవలసి వస్తుంది.

సమాన జీవనం సమాన అవయవాన్నే సృష్టించిన ఉదంతం కూడా టాకినిడ్‌లలో ఉంది. ఆర్మియా ఆక్రేషియా ఆడ ఈగ మగ కీచురాయి పాటను చెవులతో విని, చీకట్లో సూటిగా దాని దగ్గరికి చేరి డింభకాలను వదులుతుంది. ఆ చెవులు మెడ కింద, ముందుకాళ్లకు పైన ఉంటాయి. చెట్ల మీద రొద చేసే సికాడా కీటకాల పాట విని వేటాడే ఎంబ్లెమసోమా అనే ఈగకూ చెవులు సరిగ్గా అక్కడే ఉన్నాయి. కానీ అది మాంసపు ఈగల కుటుంబం, సార్కోఫాజిడే. రెండు వంశాలూ విడివిడిగా అదేచోట చెవిని నిర్మించుకున్నాయి. చెవి ఒక్కదాన్నే పట్టుకుని వర్గీకరిస్తే ఈ రెండూ అక్కచెల్లెళ్లయి ఉండేవి.

వర్గీకరణలో తప్పు కాగితం మీదే ఉండిపోతే ఎవరికీ నష్టం లేదు. పశువుల గాయాల్లో పెరిగే స్క్రూవర్మ్ అనే ఈగ పురుగు విషయంలో అలా జరగలేదు. 1858లో ఫ్రెంచి నౌకాదళ వైద్యుడు కోకెరెల్, దక్షిణ అమెరికాలోని కయెన్ శిక్షాస్థావరంలో ఒక ఖైదీ ముక్కు నుంచి వచ్చిన పురుగుల ఆధారంగా ఒక ఈగను వర్ణించి హోమినివోరాక్స్, ‘మనిషిని మింగేది’ అని పేరు పెట్టాడు. ఈ పేరు క్రమంగా మరుగున పడింది. అమెరికా ఖండాల్లో పశువుల గాయాల్లో పురుగులు పడటానికి కారణం ఎప్పుడో ఫాబ్రీషియస్ వర్ణించిన మాసెల్లారియా అనే ఈగేనని అందరూ అనుకున్నారు. చూడటానికి రెండూ నీలాకుపచ్చ మెరుపుతో, వీపు మీద మూడు నల్ల చారలతో కవలల్లా ఉంటాయి. మాసెల్లారియా కళేబరాల మీద కోట్లకొద్దీ పుడుతుంది కనుక, కళేబరాలను కాల్చేసి, ఎరలు పెట్టి ఈగలను పడితే పశువులకు గండం తప్పుతుందని నమ్మి ఆ పని ఏళ్ల తరబడి చేశారు. వలల్లో ఈగలు కుప్పలుగా పడేవి. గాయాలు మాత్రం తగ్గేవి కావు.

1933లో కుషింగ్, ప్యాటన్ అనే ఇద్దరు లివర్‌పూల్‌లో ఈ ఈగల మగవాటి జననాంగాలను కోసి చూసి, ఇవి రెండు వేరు జాతులని తేల్చారు. బతికున్న ప్రాణి గాయంలో తప్ప మరెక్కడా పెరగనిది ఒకటి, కళేబరాలను ఆశ్రయించి, అప్పుడప్పుడు పాత పుండులో చేరేది మరొకటి. డింభకాల్లో తేడా ఇంకా తేలిగ్గా కనిపిస్తుంది: అసలు స్క్రూవర్మ్ వెనక భాగంలో వాయునాళాలు చర్మం కింద నుంచి నల్లని జంట గీతల్లా మూడు నాలుగు ఖండాల దాకా కనిపిస్తాయి. వాళ్లు దీనికి అమెరికానా అని కొత్త పేరు పెట్టారు. తర్వాత కోకెరెల్ వర్ణన ఇదే ఈగదని గుర్తించి, ముందుగా పెట్టిన పేరుకే ప్రాధాన్యమన్న నియమం ప్రకారం కాక్లియోమియా హోమినివోరాక్స్ తిరిగి వచ్చింది.

వేరు జాతి అని తేలాకే దాని జీవనం విడిగా తెలిసింది. గాయాల మీద మాత్రమే ఆధారపడే ఈగ కనుక దాని సంఖ్య అందరూ అనుకున్నదానికన్నా చాలా తక్కువ. పైగా ఆడ ఈగ సాధారణంగా జీవితంలో ఒక్కసారే జతకడుతుంది. ఈ రెండు వాస్తవాల మీదే అమెరికా కీటక శాస్త్రవేత్త ఎడ్వర్డ్ నిప్లింగ్ తన ఉపాయాన్ని నిలబెట్టాడు: వికిరణంతో వంధ్యత్వం కలిగించిన మగ ఈగలను గుంపులుగా వదిలితే ఆడవి పొల్లు గుడ్లే పెడతాయి. 1954లో కరీబియన్ సముద్రంలోని క్యురసావ్ దీవిలో కొద్ది నెలల్లోనే ఈగ తుడిచిపెట్టుకుపోయింది. తర్వాత అమెరికా సంయుక్త రాష్ట్రాలు, మెక్సికో, మధ్య అమెరికా మీదుగా పనామా దాకా దాన్ని నెట్టుకుంటూ పోయారు. 1988లో లిబియాలో ఈ ఈగ బయటపడినప్పుడు, అది ఆఫ్రికా, ఆసియాల్లో ఉండే పాత ప్రపంచపు స్క్రూవర్మ్ క్రైసోమ్యా బెజ్జియానా కాదని ముందుగా నిర్ధారించవలసి వచ్చింది. అప్పట్లో మెక్సికోలో తయారైన వంధ్య ఈగలు తమ సొంత జాతి మీదే పనిచేస్తాయి మరి. విమానాల్లో తెచ్చి వదిలాక 1991లో కేసులు ఆగాయి. 2023 నుంచి ఆ ఈగ పనామా అడ్డు దాటి మళ్లీ ఉత్తరానికి పాకి, 2024 చివరికి మెక్సికో చేరడంతో, నల్ల గీతల కోసం పురుగుల వెనక భాగాలను వెతికే పని మళ్లీ మొదలైంది.

ఇంత ముఖ్యమైన ఈగ ఉన్న కాలిఫోరిడే కుటుంబమే గట్టిగా లేదని తర్వాత తెలిసింది. మెరిసే రంగు, కుళ్లు మీద వాలే అలవాటు చూసి చేర్చినవన్నీ ఒకే వంశం కావు. వానపాముల మీద బతికే పొలీనియా ప్రజాతి ఈగలను వేరే కుటుంబంగా తీసేశారు, పైగా అవి టాకినిడ్‌లకు అతి దగ్గరి బంధువులని జన్యు ఆధారాలు చెబుతున్నాయి. చుట్టచుట్టుకునే ఉడ్‌లౌస్ అనే చిన్న జీవుల్లో పెరిగే రైనోఫోరిడ్‌లు మాత్రం విడి కుటుంబం హోదా కోల్పోయి కాలిఫోరిడే లోపలికి వచ్చాయి.

డీఎన్ఏ వచ్చాక చిక్కులన్నీ విడిపోతాయనుకున్నవారికి అది సగం నిజంగానే మిగిలింది. కోస్టారికాలోని గ్వానకాస్తే అడవుల్లో గొంగళిపురుగులను ఏళ్ల తరబడి పెంచి, వాటిలోంచి వచ్చిన టాకినిడ్‌లను గుర్తించారు. వాటిలో ఎన్నో రకాల పురుగులను తినేవిగా కనిపించిన 16 జాతులను మైటోకాండ్రియా జన్యుఖండంతో పోల్చగా, 2007లో వెలువడిన ఫలితాల్లో అవి 73 వేరువేరు వంశధారలుగా తేలాయి. వాటిలో ఎక్కువభాగం కొద్ది ఆతిథ్యజీవులకే పరిమితమైనవి. అదే ఏడాది పక్షి పిల్లల నెత్తురు తాగే ప్రోటోకాలిఫోరా ఈగల మీద అదే జన్యుఖండం బోల్తాకొట్టింది. ఒంటి నిర్మాణంలో స్పష్టంగా వేరుగా ఉన్న జాతులు ఒకే జన్యు గుర్తును పంచుకున్నాయి. తల్లి నుంచి పిల్లకు సంక్రమించే వోల్‌బాకియా బ్యాక్టీరియా మైటోకాండ్రియాను తనతోపాటు జాతి నుంచి జాతికి లాక్కుపోవడమే దీనికి కారణమని అనుమానం. కనుక జననాంగాలు కోసే సూది, శ్వాస పలకలు చూసే కటకం బల్ల మీద నుంచి ఇంకా పోలేదు.

చిన్నవాటి దగ్గరికి వచ్చేసరికి ఇవేవీ సరిపోని స్థితి వస్తుంది. ఫోరిడే కుటుంబంలో సూడాక్టియాన్ ఈగలు చీమల తలల్లో పెరిగి, చివరికి ఆ తల ఊడిపడేలా చేస్తాయి. నిప్పు చీమల అదుపుకు వీటిని అమెరికాలో వదిలారు కూడా. 2012లో కీటక శాస్త్రవేత్త బ్రయన్ బ్రౌన్ థాయిలాండ్ నుంచి యూరిప్లేటియా నానక్‌నిహాలీ అనే జాతిని వర్ణించాడు. పొడవు 0.4 మిల్లీమీటరు, అప్పటికి తెలిసిన ఈగలన్నింటిలోకీ చిన్నది. అది దేనిలో పెరుగుతుందో ఎవరూ చూడలేదు. ఆ ప్రజాతిలో అంతకుముందు తెలిసిన ఒకే ఒక్క జాతి ఆఫ్రికాలోని ఈక్వటోరియల్ గినీలో దొరికింది. అది క్రెమాటోగాస్టర్ చీమల తలల్లో పెరుగుతుంది. అండనిక్షేపకం ఆ బంధువుదాన్నే పోలి ఉంది కాబట్టి, కొత్తదీ చీమ తలలోనే పెరుగుతూ ఉండాలని బ్రౌన్ ఊహించాడు. జీవనాన్ని చూసి బంధుత్వం కలిపిన పాతవారి దారికి ఇది పూర్తి ఎదురు దారి. ఇక్కడ బంధుత్వం ముందు తెలిసింది, జీవనాన్ని కళ్లారా చూడవలసి ఉంది.